మా యింటి మోరిస్ బండి

మా పెరటి కొట్టములో ఒక మోటారు కారు ఇరువది యెనిమిదేండ్లు కదలక నిలిచియుండెను. దానిపై గడ్డిమోపులు వేసెడివారు. రాత్రులందు కోళ్లు దాని కప్పు మీదనే పడుకొనెడివి. పాత ఇనుము కొనువాడొకడు ఏటేట వచ్చి, దాని చుట్టును తిరిగి, బరువు అంచనా వేసి పోవుచుండెను. ఒక యేడు అతడు ట్రాలీ బండిని గూడ వెంటబెట్టుకొని వచ్చెను. అప్పుడు మా అమ్మ వాకిటి కడ్డముగా నిలిచి, "అది మీ బాపు నడిపిన బండి. దాన్ని తూకానికెట్ల ఇస్తవు బిడ్డా?" అని నన్నడిగెను. ట్రాలీ వట్టిగనే తిరిగి పోయెను.

మా తండ్రిగారు కరీంనగరములో వైద్యులు. 1956లో ఆయన హైదరాబాదున ఒక ఉద్యోగివద్ద ఈ కారును కొనిరి. అది 1949 నాటి మోరిస్ మైనరు. ఇంగ్లాండునుండి ఓడలో వచ్చినది. ఆ రోజులలో పల్లెలకు బాట లనదగినవి తక్కువ. చెరువు గట్ల మీదుగా, వాగుల ఇసుకలో, ఎడ్లబండ్ల చీలలు దిగిన గాడులలో ఆ చిన్న బండి పోవుచుండెను. ఇసుకలో కూరుకొనినప్పుడు రోగి బంధువులే దానిని నెట్టెడివారట. వైద్యమునకు ప్రతిఫలముగా రూకలు దొరకనిచోట మక్క కంకులు, ఎండుమిరపకాయలు, ఒక్కొక్కప్పుడు బ్రదికియున్న కోడిపుంజును వెనుక సీటుపై ప్రయాణము చేసెడివి. 1989లో చూపు తగ్గుటచే నాయన బండిని కొట్టములో పెట్టి తాళపుచెవిని అమ్మ చేతి కిచ్చిరి. 1991లో ఆయన కాలము చేసిరి.

నేను పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పి 2016లో విశ్రాంతి పొందితిని. ముప్పదియేండ్లు పిల్లలకు ఇంజను బొమ్మను నల్లబల్లపై గీచి చూపినవాడనేగాని, నిజమైన ఇంజను లోపల చేయి పెట్టినవాడను గాను. మరుసటి యేడు గడ్డిమోపులు తీయించి కారు తలుపు తెఱచితిని. సీటు దూదిలో ఎలుకలు కాపురముండెను. పెడళ్ల దగ్గర బారెడు పాము కుబుసము పడియుండెను. అడుగు రేకు ఒకచోట చిల్లులు పడి, దానిగుండ నేల కనబడుచుండెను. అమ్మ దూరమునుండి చూచి, "కుబుసమే గదా, పామైతే లేదు గదా" అని నాకు ధైర్యము చెప్పెను.

ఈ కారును గూర్చి కొంత చెప్పవలెను. దీనిని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు. 1948 అక్టోబరులో లండనులోని ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనమున ఇది మొదట లోకమునకు కనబడెను. అంతకుముందు నమూనా బండి సిద్ధమైన తరువాత అది మరీ సన్నముగా నున్నదని ఆయనకు తోచెనట. వెంటనే దానిని పొడవునా రెండుగా కోయించి, ఆ సగములను మెల్లమెల్లగా ఎడము జరిపించుచు, కంటికి సరిగా తోచినచోట నిలుపుమనెను. ఆ యెడము నాలుగంగుళములు. అప్పటికే తయారైయున్న బంపర్లను గూడ నడుమకు కోసి అతుకు వేయవలసివచ్చెను. బానెట్టు నడుమ నిలువునా కనబడు వెడల్పాటి పట్టీ ఆ కోతకు నేటికిని గుర్తు. మన దేశమున హిందుస్థాన్ మోటార్స్ సంస్థ ఈ మైనరునే 'బేబీ హిందుస్థాన్' అను పేర అమ్మినది. మీ తాతలు ఎక్కి తిరిగిన అంబాసిడరు గూడ ఒక మోరిస్ కారుకు తమ్మునివంటిదే. 1957లో మొదలైన ఆ అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది.

మా మైనరు ఇంజను పరిమాణము 918 ఘన సెంటీమీటర్లు. దాని బలము 27 అశ్వశక్తులకు కొంచెము పైన. నేటి మోటారుసైకిళ్లలో కొన్ని దీనిని మించియుండును. ముందరి దీపములు పైన గాక జాలీకి ఇరువైపుల క్రిందుగా అమరియుండుటచేత ముఖము చూచుటకు ముచ్చటగా నుండును. అన్నింటికంటె వింతయైనది మలుపు సూచించు పద్ధతి. తలుపు వెనుక కంబములో ఒక చిన్న చేయి దాగియుండును. మీట త్రిప్పగనే అది టక్కున బయటికి వచ్చి, నారింజ రంగున వెలుగుచు, ప్రక్కకు చాచుకొని నిలుచును. చిన్ననాడు మాకు ఆ చేతులను ఆడించుటకంటె మించిన ఆట లేదు.

ఇంజను బిగిసిపోయియుండెను. కరీంనగరములో బస్సు స్టాండు వెనుక సందులో డెబ్బదియేండ్ల వృద్ధుడు, పాత కార్ల పని యెఱిగినవాడు, ఒకడు కలడని తెలిసి పోయి పిలిచికొని వచ్చితిని. అందఱు నాయనను ఉస్తాద్ అందురు. నేను ఆతురతతో కడ్డీని ఇంజనుకు తగిలించి త్రిప్పబోగా ఆయన నా చేయి పట్టుకొనెను. "గుంజకుండ్రి సారూ. జబర్దస్తీ చేస్తే లోపల ఇరుగుతది" అనెను. స్పార్కు ప్లగ్గులను విప్పి, ఆ రంధ్రములలో కిరోసినును నూనెను కలిపి పోసి, "పది రోజులు దీన్ని ముట్టకుండ్రి" అని చెప్పి పోయెను. పది రోజులును రోజుకొకసారి కొట్టములోనికి పోయి చూచి వచ్చుచుంటిని. పదునొకండవ నాడు ఆయన వచ్చి కడ్డీని రెండు వ్రేళ్లతో పట్టినంత మెల్లగా ఇటొకసారి అటొకసారి ఆడించెను. అర్ధగంటకు గాబోలు, లోపల ఏదియో నిట్టూర్చినట్లు చప్పుడై కడ్డీ చుట్టు తిరిగెను.

అటు తరువాత అయిదేండ్లు పట్టెను. ఆ యేండ్ల కథ యంతయు చెప్పిన మీకు విసుగు పుట్టును. బ్రేకుల రబ్బరులు మద్రాసునుండి, గాస్కెట్లు ఇంగ్లాండునుండి వచ్చినవి. ఈ కారు విడిభాగములను అక్కడ నేటికిని క్రొత్తగా చేయుచున్నారు. లేతు పనివాడు ఇత్తడి బుష్షులను కొలిచి తిప్పి యిచ్చెను. మలుపు చూపు చేతిలోని విద్యుత్తీగ వెండ్రుకంత సన్ననిది, తెగిపోయినది. దానిని అతుకుటకు మెకానికులెవ్వరును పూనుకొనలేదు. చివరకు వెండితీగలతో పూలబుట్టలు, పన్నీరుబుడ్లు అల్లు మా యూరి ఫిలిగ్రీ పనివాడొకడు ఊదుగొట్టముతో క్షణములో అతికి యిచ్చి, కూలి అడుగుటకు సిగ్గుపడెను.

ఇంతలో మా మేనల్లుడు హైదరాబాదునుండి వచ్చెను. అతడు ఇంజనీరు. కారును చూచి మెచ్చుకొని, "మామా, పైన ఇట్లనే ఉంచి లోపల కొత్త ఇంజన్ పెట్టిద్దాం. ఏసీ కూడా పడతది. రోజూ తిరగొచ్చు" అనెను. అతని మాట వట్టి తెలివితక్కువ మాట కాదు. అవసరమునుబట్టి బండ్లను మార్చుకొనుట క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు దొరకనప్పుడు మన దేశములో బస్సుల వెనుక పెద్ద ఇనుప కుంపట్లను బిగించి బొగ్గుతో నడిపిరి. చాలినంత గాలి తగులనీయక బొగ్గును మండించినచో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. అదియే ఇంజనులో మండి బస్సును లాగెడిది. ఎత్తు వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి నడిచెడివారని మా తాతగారు చెప్పెడివారు. ఇక మన ప్రాంతమున అట్టి పాత బండ్ల జాడ యేది? నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932 జూనులో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఆ నాటి ఆల్బియన్ బస్సు నొకదానిని ఆర్.టి.సి. భద్రపరచినది. ఆరవ నిజాము తెప్పింపదలచిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్, ఆయన 1911లో మరణించిన తరువాత హైదరాబాదు చేరి, నేడు చౌమహల్లా ప్యాలెసులో చక్కబెట్టబడి యున్నది. ఆ బస్సు అవసరమున కెక్కిన బండి. ఆ రోల్స్ వైభవమున కెక్కిన బండి. రెండింటిలో బస్సుకే నేను ఎక్కువసేపు చేతులు జోడించుదును.

మేనల్లుని మాటను నేను వినకపోవుటకు రెండు కారణములు కలవు. ఒకటి చట్టము. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పాత బండ్లకు ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదట రిజిస్టరై 50 ఏండ్లు దాటి, అసలు రూపు చెడక, పెద్ద మార్పులకు లోనుగాని బండినే వింటేజి బండిగా నమోదు చేయుదురు. ఇంజనునే మార్చినచో ఆ గౌరవము పోవును. రెండవ కారణము చెప్పుటకు కొంచెము సిగ్గుగా నున్నది. ఆ ఇంజను చప్పుడు వినబడగనే మేము నలుగురు పిల్లలము పుస్తకములు ముందు పెట్టుకొని చదువుచున్నట్లు నటించెడివారము. ఆ చప్పుడు లేని బండి నాకెందుకు?

అయినను మార్పు వలదను నా పట్టుదల ఒకచోట మూర్ఖత్వమునకు దిగినది. ఈ ఇంజనులో నీటిని త్రిప్పు పంపు లేదు. పాఠములలో మీరు చదివియుందురు, వేడి నీరు తేలికయై పైకి పోవును, చల్లని నీరు క్రిందికి దిగును. ఎసరు మరుగునప్పుడు బియ్యపు గింజలు పైకి క్రిందికి తిరుగుట అందుచేతనే. ఈ కారులో నీరు ఆ విధముగా తనంతట తానే ఇంజనునుండి రేడియేటరునకు, అక్కడినుండి మరల ఇంజనునకు తిరుగును. చల్లని ఇంగ్లాండులో అది చాలును. మా వైపు వేసవిలో రామగుండముననో ఆదిలాబాదుననో 45 డిగ్రీలు దాటు ఎండలో చాలునా? "కంపెనోళ్లే తర్వాత పంపు పెట్టిన్రు సారూ. నేను దెచ్చి పెడ్త. తప్పేమున్నది?" అని ఉస్తాద్ అడిగెను. ఆయన చెప్పినది నిజమే. 1950 తరువాత వచ్చిన బండ్లకు పంపు కలదు. కాని నాకు 1949 నాటిది 1949 నాటిదిగానే యుండవలెను. ఆయన పంపును తెచ్చి, అట్టపెట్టెలో పెట్టి, కొట్టము అటకపై నుంచి పోయెను. నేను రేడియేటరును నిమ్మఉప్పు నీటితో నాలుగు మారులు కడిగితిని. మా బోరునీటి తెల్లని పొక్కు అందులో గసిగా దిగెను. "ఇత్తడి బిందెను చింతపండు వెట్టి తోమినట్టు" అని అమ్మ నవ్వెను.

పెట్రోలు గొట్టములను మాత్రము మార్చక తప్పలేదు. నేటి పెట్రోలులో ఇథనాలును కలుపుచున్నారు, పాత రబ్బరు దానికి ఓర్చుకొనదు.

ఇంకొక తప్పును గూడ ఒప్పుకొందును. భౌతికశాస్త్రోపాధ్యాయుడనను గర్వముతో బ్యాటరీని నేనే బిగించితిని. నేటి కార్లన్నిటిలో బ్యాటరీ ఋణధ్రువమును బండి ఇనుమునకు కలుపుదురు. మోరిసులో ధనధ్రువమును కలుపవలెను. నేను అలవాటు చొప్పున తలక్రిందులు చేసితిని. దీపములు వెలిగినవి, స్టార్టరు తిరిగినది, అంతయు సరిగానే యున్నదని మురిసితిని. దీపమునకు విద్యుత్తు ఎటునుండి వచ్చినను ఒకటే గదా! కాని ఇంజను వేగమందుకొని డైనమో పని ప్రారంభింపగానే అది ఒక వైపు, బ్యాటరీ వేఱొక వైపు లాగినవి. నియంత్రకపు పెట్టెనుండి నల్లని పొగ లేచెను. ఉస్తాద్ ఒక్క మాటయు అనక పానా తీసికొని తీగను ఊడదీసెను. ఆయన తిట్టియుండిన నాకు తేలికగా నుండెడిది.

రంగు పనికి నిర్మలు పోయితిని. నిర్మలు కొయ్యబొమ్మలను మీరెఱుగుదురు. పొనికి కఱ్ఱతో చెక్కి, చింతగింజల జిగురుతో సందులు పూడ్చి, పైన మెఱుగు రంగులు వేయుదురు. ఇప్పుడు ఆ బొమ్మలకు వాడు రంగును డ్యూకో అందురు. ఆ పేరు మోటారు కార్లది! 1923లో అమెరికాలో డూపాంట్ సంస్థ కార్ల కొఱకు తయారుచేసిన రంగు అది. అంతకుముందు కారుకు వేసిన రంగు ఆరుటకు వారములు పట్టెడిది, డ్యూకో గంటలలో ఆరెను. ఏ కారుకో పుట్టిన రంగు మన మామిడిపండు బొమ్మమీదికి, జింకపిల్ల బొమ్మమీదికి వచ్చి చేరినదన్నమాట. నేను డ్యాష్‌బోర్డు వెనుక ఎండ సోకని అసలు ఆకుపచ్చ రంగు గల రేకుముక్క నొకదానిని తీసికొనిపోయి ఒక వృద్ధ చిత్రకారునికి చూపితిని. ఆయన దానిని ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి త్రిప్పి చూచి, పచ్చలో బూడిద, బూడిదలో రవ్వంత పసుపు కలిపి, బొటనవ్రేలి గోటిపై పూసికొని పోల్చుకొనెను. మూడవసారికి గోటి రంగును రేకు రంగును నాకు వేరుగా కనబడలేదు. ఆయన మాత్రము తల యడ్డముగా నూపి, ఇంకొక చుక్క నలుపు వేసెను.

2022 చివరకు కారు సిద్ధమైనది. వీధిలోనివారందఱు వచ్చి చూచిరి. అమ్మకు అప్పటికి ఎనుబదినాలుగేండ్లు. కన్నులలో పొర క్రమ్మియుండెను. ఆమె చేయి పట్టుకొని తీసికొనివచ్చితిని. ఆమె బానెట్టు మీద, తలుపు మీద చేయి వేసి నిమురుచు చుట్టు తిరిగి, ఎడమవైపు వెనుకటి మడ్‌గార్డు దగ్గర ఆగెను. అక్కడ అరచేతితో పైకి క్రిందికి మరల మరల తడిమెను.

"మంచిగ చేసినవు బిడ్డా. ఈడ సొట్ట ఉండాలె గదా. ఏడపాయె?"

ఆ సొట్టను నేనే కొయ్యసుత్తితో రెండు రోజులు కొట్టి, నునుపుచేసి, చక్కబరచితిని. అంతటి పని చేసినందుకు నా మీద నాకు గౌరవము గూడ కలిగియుండెను. "తీసేసిన అవ్వా" అంటిని. "ఆఁ, తీసేసినవా" అని ఆమె కొంచెముసేపు ఊరకుండి, కథ చెప్పెను.

1957 వానకాలములో మా నాయన ఆమెను పుట్టింటికి తీసికొనిపోవుచుండెను. ఆమె పుట్టిల్లు నిర్మలు దాటి, మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ వైపున నొక పల్లె. ఘాట్ మలుపులో ఇంజను ఆగిపోయి బండి వెనుకకు జాఱసాగెనట. తడిసిన బ్రేకులు పట్టలేదు. అదృష్టవశమున అది అంచునున్న మైలురాయికి తగిలి నిలిచెను. పందొమ్మిదేండ్ల మా అమ్మ క్రిందికి దుమికి, రాయి దొరలించుకొని వచ్చి చక్రము క్రింద పెట్టెను. "మీ బాపు చేతులు వణికినయి. నా చేతులు వణకలే" అని చెప్పి, "ఆ సొట్టను జూసినప్పుడల్ల ఆయన సప్పుడు జేయకపోయేది" అని నవ్వెను. ఈ సంగతి మాకెవ్వరికిని ఆమె అంతవఱకు చెప్పియుండలేదు. ఆ నాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇనుము మీది మచ్చలలో ఏది త్రుప్పో, ఏది గుర్తో అడిగి తెలిసికొనుటకు నాకు అయిదేండ్ల వ్యవధి యుండెను. నేను గాస్కెట్లను గూర్చి ఇంగ్లాండునకు వ్రాసితినిగాని వంటయింటిలోనున్న అమ్మను అడుగనైతిని.

ఆమెను ఈ బండిలోనే పుట్టింటి పల్లెకు తీసికొనిపోవలెనని నిశ్చయించితిని. 2023 ఫిబ్రవరి చివర ఉస్తాదును వెంటబెట్టుకొని తెల్లవారుజామున బయలుదేరితిమి. జగిత్యాల, కోరుట్ల దాటువఱకు బండి హాయిగా సాగెను. మెట్‌పల్లి దగ్గర చక్రము గాలి పోయి రెండు గంటలు జాగయ్యెను. ఆర్మూరు దాటి, సోన్ దగ్గర గోదావరిని దాటి, నిర్మలులో భోజనము చేసి లేచునప్పటికి ఎండ నడినెత్తికి వచ్చెను. "పొద్దు వాలినంక ఎక్కుదాం సారూ" అని ఉస్తాద్ అనెను. దీపములు మందమైన ఈ బండితో చీకటిలో ఘాట్ ఎక్కుటకు నాకు భయము. ఎక్కుదమనియే అంటిని.

పాత ఘాట్ దారిలో మూడవ మలుపు దగ్గర బానెట్టు సందులనుండి ఆవిరి లేచెను. రెండవ గేరులో మెల్లగా పోవు బండికి ఎదురుగాలి తగులదు. నీరు తనంతట తాను తిరుగుటకు తగినంత చల్లబడదు. బండిని ఓరకు తీసి ఆపితిని. చేతిబ్రేకు లాగితిని. అది పట్టినట్లే యుండి, బండి మెల్లగా, జానెడు దూరము, వెనుకకు జాఱెను.

నేను తలుపు తెఱచునంతలో వెనుక సీటునుండి అమ్మ గొంతు వినబడెను. "రాయి వెట్టు. ముందు రాయి వెట్టు!" ఉస్తాద్ అప్పటికే దిగి రాయి పెట్టియుండెను.

మూత తీయరాదు, మరుగు నీరు ముఖము మీదికి చిమ్మును. చన్నీరు పోయరాదు, కాగిన పోత ఇనుము పగులును. కాచుకొనుటయే పని. ఒక లారీవాడు ఆగి నీళ్ల డబ్బా ఇచ్చి పోయెను. మోటారుసైకిళ్ల మీది కుఱ్ఱవాండ్రు కారుతో ఫోటోలు దిగిరి. వారికొఱకు అమ్మ మీట త్రిప్పి మలుపు చేతులను ఆడించి చూపెను. కోతులు వచ్చి కప్పు మీద కూర్చుండగా గొడుగుతో వానిని అదలించెను. ఎండుటాకుల మీద గాలి చప్పుడు తప్ప మఱేమియు లేని ఆ ముప్పావుగంటలో ఆమె నా తండ్రిని గూర్చి చెప్పిన మాటలు నేను అరువదినాలుగేండ్లలో విన్న మాటలకంటె ఎక్కువ.

నీరు చల్లారిన తరువాత ఉస్తాద్ గుడ్డ చుట్టి మూత విప్పి మెల్లగా నీరు నింపుచుండగా అమ్మ అడిగెను.

"ఉస్తాదూ, గప్పుడు కూడ బండి గిట్లనే కాగేది. దీనికి మందు లేదా?"

"ఉన్నదమ్మా. చిన్న పంపు. తెచ్చి అటక మీద పెట్టిన. సారే వద్దన్నడు."

"ఎందుకు వద్దన్నవు?" అని ఆమె నా వైపు తిరిగెను.

పాతది పాతదిగానే యుండవలెనని నేనేదో చెప్పబోయితిని. ఆమె చివరివఱకు వినలేదు. "మీ బాపుకు గనుక ఆ పంపు దొరికుంటే నిమిషం ఆగకపోవు. ఎన్నిమాట్ల ఎండల నిలవడ్డడో నాకెరుక" అనెను.

ఉస్తాద్ రాయి తీసి ప్రక్కకు పెట్టెను. నేను కడ్డీతో ఇంజనును త్రిప్పితిని, రెండవ త్రిప్పుకు అందుకొనెను. ఘాట్ పైకి చేరి, తరువాత నేరడిగొండ మీదుగా పల్లె చేరునప్పటికి దీపాల వేళయైనది. మా మేనమామ కొడుకులు వాకిటికి వచ్చి, బండిని గుర్తుపట్టి, చప్పుడు వినియే వచ్చితిమనిరి. కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు తెచ్చులోపల నేను ఉస్తాదును ప్రక్కకు పిలిచి, ఆ పంపు బిగించుటకు ఎన్ని రోజులు పట్టునని అడిగితిని. ఒక్క పూట చాలుననెను.